ఇరవై వారాలు దాటినా ఈహెచ్‌సీ ప్లాన్ రాలేదు, కౌన్సిల్‌ని ఎలా కదిలించాలి?

అడిగినది క్లుప్తంగా ఇది. ఇంగ్లండ్‌లో స్కిల్డ్ వర్కర్ వీసా మీద ఉన్న కుటుంబం. బాబు ఇయర్ వన్ (ఐదారేళ్ల పిల్లల తరగతి). మాటలు ఆలస్యం, ఆటిజం అనుమానం, ఎన్‌హెచ్‌ఎస్ పీడియాట్రీషియన్ వెయిటింగ్ లిస్టులో ఉన్నాడు. జనవరి 12న ఈహెచ్‌సీ (ఎడ్యుకేషన్, హెల్త్ అండ్ కేర్: ప్రత్యేక అవసరాలున్న పిల్లవాడికి ఏ సహాయం అందాలో రాసే చట్టబద్ధ ప్లాన్) అసెస్‌మెంట్ కోరుతూ కౌన్సిల్‌కి మెయిల్ పెట్టారు. అసెస్‌మెంట్ చేస్తామని ఫిబ్రవరిలో జవాబొచ్చింది. ఆ తర్వాత ఉలుకూ పలుకూ లేదు. ఫోన్ చేస్తే "ఎడ్యుకేషనల్ సైకాలజిస్టులు లేరు, మీవాడు క్యూలో ఉన్నాడు" అంటున్నారు. ఓపిక పట్టడమేనా, గట్టిగా అడిగితే వీసాకి ఏమైనా అవుతుందా అన్నది మీ ప్రశ్న.

ఓపిక పట్టకండి. వీసాకి ఏమీ కాదు. సైకాలజిస్టుల కొరత నిజమే, కానీ గడువు దాటడానికి అది చట్టం ఒప్పుకునే కారణం కాదు. ఈ వారమే తేదీలన్నీ పేర్చి ఒక మెయిల్ పెట్టండి. పది పనిదినాల్లో కచ్చితమైన తేదీ రాకపోతే ఫార్మల్ కంప్లైంట్ వేయండి. అక్కడా నాన్చితే ప్రీ-యాక్షన్ లెటర్ (కోర్టుకి వెళ్లే ముందు ఇచ్చే నోటీసు) గానీ ఓంబుడ్స్‌మన్ (కౌన్సిళ్ల మీద ఫిర్యాదులు విచారించే స్వతంత్ర సంస్థ) గానీ. ఒక్క సంగతి మొదటే తెలియాలి: కేవలం ఆలస్యం మీద ట్రిబ్యునల్‌కి (కౌన్సిల్ నిర్ణయాల మీద అప్పీళ్లు వినే చోటు) అప్పీల్ లేదు. కౌన్సిల్ "కాదు" లాంటి నిర్ణయం చెప్పాకే ట్రిబ్యునల్. ఏమీ చెప్పకుండా కూర్చుంటే దారి వేరు. చాలామంది ఈ రెండూ కలిపేసుకుని నెలలు పోగొట్టుకుంటారు.

నేను చెప్పేది ఇంగ్లండ్‌కి మాత్రమే. వేల్స్, స్కాట్లండ్, నార్దర్న్ ఐర్లండ్‌లో చట్టాలు, గడువులు వేరు.

గడువులు ఇలా లెక్కపెట్టండి

చట్టం పేరు చిల్డ్రన్ అండ్ ఫ్యామిలీస్ యాక్ట్ 2014. గడువులు అదే ఏడాది వచ్చిన సెండ్ (ప్రత్యేక విద్యావసరాలు, వైకల్యం) రెగ్యులేషన్స్‌లో ఉన్నాయి. మీ మెయిల్ కౌన్సిల్‌కి అందిన రోజే మొదటి రోజు. "స్కూలు నుంచి కాగితాలు వచ్చాకే మొదలు", "మా ఫారం నింపాకే మొదలు", "ప్యానెల్ కూర్చున్నాకే మొదలు" అని చెబుతారు. మూడూ తప్పే. కౌన్సిల్ సొంత ఫారం వాడాలన్న రూలు లేదు, మామూలు మెయిల్ చాలు.

మీది 2026 జనవరి 12 అనుకుంటే, అసెస్‌మెంట్ చేస్తారో లేదో 6 వారాల్లో, అంటే ఫిబ్రవరి 23కల్లా చెప్పాలి. చెప్పారు. ప్లాన్ ఇవ్వబోమంటే ఆ మాట 16 వారాల్లో, మే 4కల్లా చెప్పాలి. ఇస్తామంటే ఫైనల్ ప్లాన్ 20 వారాల్లో, జూన్ 1కల్లా మీ చేతిలో ఉండాలి. డ్రాఫ్ట్ చూసి మీ అభిప్రాయం చెప్పడానికి మీకు కనీసం 15 రోజులు ఇవ్వాలి కాబట్టి, ఆ డ్రాఫ్ట్ కూడా దాదాపు 16వ వారానికి తయారుగా ఉండాల్సిందే.

మధ్యలో ఇంకో గడువు ఉంది. అసలు బండి ఆగేది అక్కడే. కౌన్సిల్ ఎవరిని సలహా అడిగినా వాళ్లు 6 వారాల్లో ఇవ్వాలి. స్కూలు హెడ్, ఎడ్యుకేషనల్ సైకాలజిస్టు, ఎన్‌హెచ్‌ఎస్, సోషల్ కేర్, తల్లిదండ్రులు, ఇంకా మీరు సహేతుకంగా ఫలానా వాళ్లని అడగమంటే వాళ్లూ ఈ జాబితాలో ఉంటారు. స్పీచ్ థెరపిస్టుని, ఆక్యుపేషనల్ థెరపిస్టుని మీరు పేరు పెట్టి అడగకపోతే కౌన్సిల్ తనంతట తాను అడగకుండా వదిలేయడం మామూలే. ఆరు నెలలయ్యాక "థెరపీ రిపోర్టు లేదు కాబట్టి ప్లాన్‌లో థెరపీ లేదు" అంటారు.

చట్టం ఒప్పుకునే మినహాయింపులు చాలా తక్కువ. స్కూలు నుంచి సమాచారం అడగాల్సిన సమయంలో స్కూలుకి వరసగా 4 వారాలు, అంతకంటే ఎక్కువ సెలవులుండటం ఒకటి. పిల్లవాడు అపాయింట్‌మెంటుకి రాకపోవడం, కుటుంబంలో అసాధారణ పరిస్థితి రావడం మరో రెండు. ఇక మనవాళ్లు తెలియక కౌన్సిల్‌కి చేజేతులా ఇచ్చే మినహాయింపు ఇంకొకటి ఉంది. పిల్లవాడు గానీ తల్లిదండ్రులు గానీ ఆ ప్రాంతంలో వరసగా 4 వారాలు, అంతకంటే ఎక్కువ లేకపోవడం. వేసవిలో ఇండియాకి ఐదారు వారాలు వెళ్లొస్తే కౌన్సిల్‌కి గడువు దాటడానికి చట్టబద్ధమైన కారణం దొరికినట్టే. ప్రయాణం మానుకోమని కాదు. అసెస్‌మెంట్ నడుస్తుంటే నాలుగు వారాల లోపు తిరిగి రండి. లేదా సైకాలజిస్టు చూసి వెళ్లాక టికెట్లు తీసుకోండి. వెళ్లే తేదీలు ముందే మెయిల్‌లో పెడితే "అపాయింట్‌మెంటు ఇచ్చాం, రాలేదు" అనే మాట పుట్టదు.

సిబ్బంది లేరు, బడ్జెట్ లేదు, దరఖాస్తులు పెరిగాయి అన్నవి ఈ జాబితాలో లేవు. దేశం మొత్తం మీద 2024లో గడువులోపు వచ్చిన కొత్త ప్లాన్లు సగం కూడా లేవు. అందరికీ ఆలస్యమవుతోంది కదా అని కౌన్సిల్ బాధ్యత తగ్గిపోదు.

మొదటి మెయిల్‌లో ఏం రాయాలి

పొడవాటి మెయిల్ వద్దు. బాధంతా రాస్తే చదివేవాళ్లు బాధకి సానుభూతి తెలిపి ఊరుకుంటారు, ప్రశ్నకి జవాబివ్వరు. సబ్జెక్టులో పిల్లవాడి పేరు, పుట్టిన తేదీ, "చట్టబద్ధ గడువు దాటింది" అన్న మాట. లోపల ఇవి రాస్తే చాలు:

దరఖాస్తు అందిన తేదీ, ఫైనల్ ప్లాన్ రావాల్సిన తేదీ, ఈరోజుకి ఎన్ని వారాలు దాటింది. ఆ తర్వాత సూటిగా ప్రశ్నలు. ఎవరెవరిని ఏ తేదీన సలహా అడిగారు? ఎవరిది ఏ తేదీన వచ్చింది? సైకాలజిస్టు ఏ తేదీన చూస్తారు? డ్రాఫ్ట్ ఏ తేదీన పంపుతారు? జవాబుకి పది పనిదినాల గడువు, ఆలోపు రాకపోతే ఫార్మల్ కంప్లైంటుగా తీసుకోవాలని చివర ఒక వాక్యం.

ఎవరిని ఏ తేదీన అడిగారన్న ప్రశ్నని మాత్రం వదలకండి. "క్యూలో ఉన్నాడు" అన్న కేసుల్లో చాలాసార్లు తేలేదేమిటంటే, ఎన్‌హెచ్‌ఎస్‌కి అసలు లెటరే వెళ్లలేదు, లేదా స్కూలు రెండు నెలల క్రితమే పంపిన రిపోర్టు కేస్ ఆఫీసరు మారడంతో ఎవరి ఇన్‌బాక్సులోనో ఉండిపోయింది. సైకాలజిస్టు కొరత మీ చేతుల్లో లేదు. పోయిన లెటరు మాత్రం మర్నాడే దొరుకుతుంది.

మెయిల్ కేస్ ఆఫీసరుకి మాత్రమే పంపితే లాభం తక్కువ. సెండ్ టీమ్ జనరల్ ఇన్‌బాక్స్, సెండ్ విభాగం హెడ్, డైరెక్టర్ ఆఫ్ చిల్డ్రన్స్ సర్వీసెస్, ముగ్గురికీ పెట్టండి. స్కూలు సెన్కోకి (ప్రత్యేక అవసరాల పిల్లల బాధ్యత చూసే టీచరు) కాపీ ఇవ్వండి. ఫోన్‌లో మాట్లాడితే ఆ సాయంత్రమే "ఇవాళ మీరు చెప్పింది ఇదీ, పొరపాటుంటే చెప్పండి" అని రెండు వాక్యాల మెయిల్. కాగితం మీద లేనిది తర్వాత ఎక్కడా నిలబడదు.

మీ ఎంపీకి, వార్డు కౌన్సిలర్‌కి కూడా రాయండి. ఎంపీ ఆఫీసు నుంచి లెటరు వెళ్తే కౌన్సిళ్లు దానికి వేరే లెక్కలో జవాబిస్తాయి. ఓటు లేదు కదా అని మొహమాటపడకండి, ఆ ప్రాంతంలో నివసిస్తే చాలు. అన్నట్టు, వీసా మీద ఉన్న భారత పౌరులు కామన్వెల్త్ పౌరులుగా ఇక్కడ ఓటరుగా నమోదు చేసుకోవచ్చు. మనవాళ్లలో చాలామందికి ఈ సంగతి తెలియదు.

ప్రైవేటు సైకాలజిస్టు రిపోర్టు తెస్తే పని జరుగుతుందా?

జరగొచ్చు, కానీ డబ్బు కట్టే ముందు ఆగండి. ఇంతకుముందే ఉన్న రిపోర్టు సరిపోతుందని కౌన్సిల్, ఆ రిపోర్టు రాసినవాళ్లు, మీరు, ముగ్గురూ ఒప్పుకుంటే కౌన్సిల్ కొత్తగా సలహా అడగనక్కరలేదని నిబంధన ఉంది. అంటే కౌన్సిల్ ఒప్పుకోవాలి. వెయ్యి పౌండ్లు దాటే ఖర్చు ఇది. కాబట్టి ముందు రాతపూర్వకంగా అడగండి: "హెచ్‌సీపీసీలో (సైకాలజిస్టుల నియంత్రణ సంస్థ) నమోదైన సైకాలజిస్టు రిపోర్టు మేం తెస్తే మీ సలహా స్థానంలో తీసుకుంటారా? ఖర్చు తిరిగి ఇస్తారా?" అవునంటే ముందుకెళ్లండి. కాదంటే ఆ జవాబు కంప్లైంటులో పనికొస్తుంది. సైకాలజిస్టు కొరత అంటూనే సొంత ఖర్చుతో తెచ్చిన పరిష్కారాన్ని కాదన్నారని రాయొచ్చు.

దీనికి తిరగేసి ఇంకో ప్రమాదం ఉంది. గడువు ఒత్తిడికి కొన్నిచోట్ల సైకాలజిస్టు సలహా లేకుండానే ప్లాన్ ఇచ్చేస్తారు. తొందరగా వచ్చిందని సంతోషించకండి. ఆ సలహా తప్పనిసరి. అది లేని ప్లాన్‌లో "అవసరాన్ని బట్టి సహాయం" లాంటి మాటలు తప్ప ఏమీ ఉండవు.

కంప్లైంట్, ఓంబుడ్స్‌మన్, కోర్టు

కౌన్సిల్ కంప్లైంటు సాధారణంగా రెండు మెట్లు. స్టేజ్ వన్‌లో "సారీ, కొరత ఉంది" అని వస్తుంది. అక్కడితో ఆగిపోయేవాళ్లే ఎక్కువ, కౌన్సిళ్లకి అది తెలుసు. అదే రోజు స్టేజ్ టూ అడగండి. అది కూడా అయ్యాక లోకల్ గవర్నమెంట్ అండ్ సోషల్ కేర్ ఓంబుడ్స్‌మన్. ఫీజు లేదు. సమస్య తెలిసిన 12 నెలల్లోపు వెళ్లాలి.

ఓంబుడ్స్‌మన్ నుంచి ఏం ఆశించాలో తెలిసి వెళ్లండి. ఆలస్యం తప్పే అని తేలుస్తారు, క్షమాపణ చెప్పిస్తారు, కొంత సొమ్ము ఇప్పిస్తారు. ఆలస్యం వల్ల పిల్లవాడికి దక్కాల్సిన చదువు, థెరపీ పోయిందని తేలితే వాళ్ల మార్గదర్శకాల ప్రకారం ఒక్కో టర్ముకి 900 నుంచి 2,400 పౌండ్ల దాకా సూచిస్తారు. కానీ నిర్ణయం రావడానికి నెలలు పడుతుంది. ప్లాన్‌లో ఏం ఉండాలో వాళ్లు చెప్పరు. ఇప్పుడే కౌన్సిల్‌ని కదిలించే సాధనం కాదది, జరిగిన నష్టానికి లెక్క తేల్చే చోటు.

త్వరగా కదిలించేది ప్రీ-యాక్షన్ లెటర్. అంటే జ్యుడీషియల్ రివ్యూకి ముందు ఇచ్చే నోటీసు: చట్టం ప్రకారం మీరు చేయాల్సింది చేయలేదు, ఫలానా తేదీలోపు చేయకపోతే హైకోర్టుకి వెళ్తాం. మామూలుగా 14 రోజుల గడువు ఇస్తారు. ఇలాంటి కేసుల్లో కౌన్సిల్‌కి కోర్టులో చెప్పుకోడానికి ఏమీ ఉండదు. గడువు చట్టంలో ఉంది, దాటింది, అంతే. అందుకే ఎక్కువ భాగం లెటరు దగ్గరే తేలిపోతాయి, ఎక్కడా లేని సైకాలజిస్టు ఆ పక్షంలోనే దొరుకుతాడు. ఇలాంటి కేసు పిల్లవాడి పేరున నడుస్తుంది కాబట్టి లీగల్ ఎయిడ్‌కి (ప్రభుత్వం లాయరు ఖర్చు భరించే పథకం) మీ జీతం అడ్డు రాదు. ఎడ్యుకేషన్ లా చేసే, లీగల్ ఎయిడ్ కాంట్రాక్టు ఉన్న సొలిసిటరుని అడగండి. ఇమ్మిగ్రేషన్ సొలిసిటరుకి ఇది పట్టదు. జ్యుడీషియల్ రివ్యూ వెంటనే, ఎక్కువలో ఎక్కువ మూడు నెలల్లోపు వేయాలన్నది నియమం. అందుకని రెండు మెట్ల కంప్లైంటు పూర్తయ్యేదాకా ఆగి అప్పుడు సొలిసిటరుని వెతకడం మొదలుపెట్టొద్దు, రెండూ పక్కపక్కన నడపండి.

లెటరు ఎలా ఉంటుందో, హక్కులేమిటో ఉచితంగా చెప్పేవాళ్లున్నారు. ఇప్సియా అనే స్వచ్ఛంద సంస్థ వెబ్‌సైటులో నమూనా లెటర్లు ఉన్నాయి, ఆలస్యానికి ఒకటి, తిరస్కరణకి ఒకటి. ప్రతి కౌన్సిల్ పరిధిలోనూ సెండియాస్ అనే ఉచిత సలహా సేవ ఉంటుంది. మీటింగుకి పక్కన కూర్చోడానికి కూడా వస్తారు. కౌన్సిల్ డబ్బుతో నడుస్తారు కాబట్టి కొన్నిచోట్ల మెతకగా ఉంటారు. చట్టం విషయంలో వాళ్ల మాటా ఇప్సియా మాటా తేడా వస్తే నేనైతే ఇప్సియా వైపే ఉంటాను.

ఒకవేళ "కాదు" అని వస్తే

అదీ ఒకందుకు మంచిదే, అప్పీలుకి తలుపు తెరుచుకుంటుంది. అసెస్‌మెంట్ చేయబోమన్నా, ప్లాన్ ఇవ్వబోమన్నా, అప్పీలుకి గడువు నిర్ణయం లెటరు తేదీ నుంచి 2 నెలలు, లేదా మీడియేషన్ (మధ్యవర్తి ద్వారా రాజీ ప్రయత్నం) సర్టిఫికెట్ తేదీ నుంచి 1 నెల, ఏది తర్వాతైతే అది. మీడియేషన్ తప్పనిసరి కాదు, సర్టిఫికెట్ తప్పనిసరి. లెటరులో ఉన్న నంబరుకి ఫోన్ చేసి "మీడియేషన్ వద్దు, సర్టిఫికెట్ ఇవ్వండి" అంటే 3 పనిదినాల్లో ఇవ్వాలి. ట్రిబ్యునల్‌కి ఫీజు లేదు, లాయరు లేకుండానే వాదించుకోవచ్చు. అసెస్‌మెంట్ తిరస్కరణకి ఫారం ఎస్ఈఎన్‌డీ35ఏ. ఇవి ఎక్కువగా కాగితాల మీదే తేలుస్తారు. విచారణ దాకా వెళ్లినవాటిలో అత్యధిక భాగం తల్లిదండ్రుల పక్షానే తేలుతున్నాయి.

అసెస్‌మెంట్‌కి చట్టం పెట్టిన గీత చాలా కింద ఉంటుంది: పిల్లవాడికి ప్రత్యేక విద్యావసరాలు ఉన్నాయేమో, ప్లాన్ ద్వారా సహాయం అవసరమవుతుందేమో. "ఉండొచ్చు" అన్నంత చాలు. "డయాగ్నోసిస్ కావాలి", "స్కూలు ముందు 6,000 పౌండ్లు ఖర్చుపెట్టినట్టు చూపించాలి", "రెండు టర్ములు ఆగాలి" అన్నవి కౌన్సిళ్లు పెట్టుకున్నవే తప్ప చట్టంలో లేవు.

ఈలోగా స్కూల్లో

ప్లాన్ రాలేదని సహాయం ఆగకూడదు. సెన్ సపోర్ట్ (ప్రత్యేక అవసరాలున్న పిల్లలకి బడి ఇచ్చే సహాయం) అనేది ప్లాన్‌కి ముందే స్కూలు బాధ్యత, డయాగ్నోసిస్ అక్కరలేదు. సెన్కోని కలిసి రాతపూర్వకంగా అడగండి: ఏ సహాయం, వారానికి ఎన్ని నిమిషాలు, ఎవరు చేస్తారు, ఎప్పుడు సమీక్షిస్తారు. ప్రతి టర్ముకి ఆ కాగితం తీసుకోండి. సహాయం చేసినా చాలడం లేదనడానికి అంతకంటే మంచి సాక్ష్యం ఉండదు.

"పన్నెండింటికి వచ్చి తీసుకెళ్లండి, ఇవాళ బాగా ఏడుస్తున్నాడు" అనే ఫోన్లు వస్తుంటే జాగ్రత్త. సస్పెన్షన్ అని రాయకుండా, చల్లబడతాడని ఇంటికి పంపడం చట్టవిరుద్ధం, మీరు సరేనన్నా సరే. "ఇది సస్పెన్షనా? అయితే లెటరు ఇవ్వండి" అని మర్యాదగా అడగండి. తేదీ, సమయం, ఎవరు ఫోన్ చేశారు అన్నది డైరీలో రాసుకోండి. పార్ట్‌టైమ్ టైమ్‌టేబుల్ అయితే మీ ఒప్పుకోలు, ముగింపు తేదీ రెండూ కాగితం మీద ఉండాలి. పిల్లవాడు అసలు బడికే వెళ్లలేకపోతుంటే ఎడ్యుకేషన్ యాక్ట్ 1996 సెక్షన్ 19 కింద తగిన చదువు ఏర్పాటు చేసే బాధ్యత కౌన్సిల్‌దే. ప్లాన్ ఆలస్యానికి వేసే కంప్లైంటులో దీన్ని వేరే పేరాగా పెట్టండి. ఒకదానిలో ఒకటి కలిపితే రెండోదానికి జవాబు రాదు.

వీసా, రెండు భాషలు, ఇండియా రిపోర్టులు

ఈహెచ్‌సీ ప్లాన్, స్కూల్లో ఇచ్చే సహాయం పబ్లిక్ ఫండ్స్ (వీసా మీద ఉన్నవాళ్లు తీసుకోకూడని ప్రభుత్వ సొమ్ము) జాబితాలో లేవు. డిపెండెంట్ వీసా పిల్లవాడికి, బ్రిటిష్ పిల్లవాడికి ఇక్కడ తేడా లేదు. ఓంబుడ్స్‌మన్‌కి వెళ్లినా ట్రిబ్యునల్‌కి వెళ్లినా రేపటి ఐఎల్ఆర్‌కి (శాశ్వత నివాస అనుమతి) దానితో పనిలేదు. కానీ ఇదే ఊపులో ఎవరో చెప్పారని డిసబిలిటీ లివింగ్ అలవెన్స్‌కి దరఖాస్తు పెట్టేయకండి. అది పబ్లిక్ ఫండ్. ఈవీసాలో "నో పబ్లిక్ ఫండ్స్" అని ఉంటే ముందు ఇమ్మిగ్రేషన్ సలహా తీసుకోండి.

"ఇంట్లో తెలుగు, బళ్లో ఇంగ్లిషు, అందుకే మాటలు ఆలస్యం, ఏడాది ఆగండి" అని స్కూల్లో అంటే చట్టం మాట గుర్తుంచుకోండి. ఇంటి భాష వేరన్నంత మాత్రాన దాన్ని లెర్నింగ్ డిఫికల్టీ అనకూడదు, నిజమే. అలాగని ఇంటి భాష వేరు కదా అని ఉన్న ఇబ్బందిని కొట్టిపారేయడానికి అది కారణం కాదు. తేల్చే ప్రశ్న ఒకటే: తెలుగులో ఎలా ఉన్నాడు? అమ్మమ్మతో వీడియో కాల్‌లో పేరు పిలిస్తే తిరుగుతున్నాడా, "బంతి తే" అంటే తెస్తున్నాడా, రెండు మాటలు కలిపి అంటున్నాడా? తెలుగులోనూ లేకపోతే అది రెండు భాషల సమస్య కాదని మీ పేరెంటల్ అడ్వైస్‌లో (తల్లిదండ్రులుగా కౌన్సిల్‌కి మీరిచ్చే సలహా) ఉదాహరణలతో రాయండి. తెలుగు వచ్చిన ఇంటర్‌ప్రెటరు కావాలని సైకాలజిస్టుకి ముందే చెప్పండి.

హైదరాబాదులోనో విజయవాడలోనో చేయించిన అసెస్‌మెంట్ రిపోర్టులుంటే జత చేయండి, కౌన్సిల్ వాటిని చూడాలి. అంతమాత్రాన ఇక్కడి సైకాలజిస్టు సలహా అవసరం తీరదు. కేవలం డయాగ్నోసిస్ కాగితం కోసం ఇండియా ప్రయాణం పెట్టుకోవడం ఈహెచ్‌సీ వరకు అనవసరం. పైన చెప్పిన నాలుగు వారాల చిక్కు కూడా అందులోనే ఉంది.

మధ్యలో ఇల్లు మారే ఆలోచన ఉంటే, కౌన్సిల్ సరిహద్దు దాటుతుందేమో చూసుకోండి. అసెస్‌మెంట్ సగంలో ఉండగా వేరే కౌన్సిల్‌కి మారితే, అసెస్‌మెంట్ చేయాలా వద్దా అన్నది కొత్తవాళ్లు మళ్లీ తేలుస్తారు. పాత కౌన్సిల్ ఒప్పుకున్న సంగతి పరిగణించాలి గానీ కట్టుబడి ఉండనక్కరలేదు. అదే ఫైనల్ ప్లాన్ చేతికొచ్చాక మారితే ప్లాన్ మీతో వస్తుంది. ఉద్యోగం ఒప్పుకుంటే ప్లాన్ వచ్చేదాకా ఆ పోస్ట్‌కోడ్‌లోనే ఉండండి.

మీరు రెండు సంగతులు చెబితే ఇంకా కచ్చితంగా చెప్పగలను. ఫిబ్రవరిలో వచ్చిన లెటరు ఏ తేదీది, అందులో "అసెస్‌మెంట్ చేస్తాం" అని స్పష్టంగా ఉందా, లేక "సమాచారం సేకరిస్తున్నాం" అని మాత్రమే ఉందా? రెండోదైతే కౌన్సిల్ ఇంకా మొదటి నిర్ణయమే తీసుకోలేదు. అప్పుడు మొదట దాటిన గడువు 6 వారాలది, మెయిల్‌లో ముందు అడగాల్సింది ఆ నిర్ణయాన్నే. అలాగే ఇప్పుడు బాబు రోజుకి ఎన్ని గంటలు బళ్లో ఉంటున్నాడో కూడా రాయండి.